రమణమ్మ పాడుకోవాల్సిన చిట్టీ

ఒక మనిషికి కుడి కన్ను పోయింది. అందులో నా చెయ్యి ఉంది. చెయ్యి కాదు, నోరు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. నా భార్యకి చెప్పలేదు. పాతికేళ్ల పైచిలుకు దీన్ని మోశాను. మోశాను అనడం కూడా సరైన మాట కాదేమో. నెలల తరబడి ఇది నాలో ఉందన్న సంగతే మర్చిపోయి తిరిగేవాణ్ణి, తినేవాణ్ణి, నవ్వేవాణ్ణి. ఆ తర్వాత ఏ కళ్లద్దాల దుకాణం ముందో నడుస్తుండగా గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయేవి.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

భిలాయిలో, ఖుర్సీపార్‌లో, స్టీల్ ప్లాంటు ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాన్న కుర్రతనంలో విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరాడు. పర్మినెంటు ఉద్యోగం. నేను భిలాయిలోనే పుట్టాను. నేను చెప్పబోయేది తొంభైల మధ్యలో జరిగింది. అప్పటికి ఒక స్థానిక హిందీ పేపర్లో రిపోర్టర్‌గా కొత్తగా చేరాను. జీతం సైకిల్ ట్యూబులకీ టీలకీ సరిపోయేది.

అప్పు మాది కాదు. అప్పులున్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట అంటారని తెలుసు. అయినా నిజంగానే మాది కాదు. బాబాయి చిన్న లేత్ వర్క్‌షాపు పెట్టి, ప్లాంటుకి సామాన్లిచ్చే కంపెనీల దగ్గర పని పట్టుకునేవాడు. ఆ పనులు ఆగిపోయాయి. షాపు మూతపడింది. బాబాయి ఊరెళ్లిపోయాడు. హామీ సంతకం పెట్టిన నాన్న ఇక్కడ మిగిలాడు.

భిలాయిలో వడ్డీకిచ్చేవాళ్లకి ఒక పద్ధతి ఉండేది. కార్మికుడి బ్యాంకు పాస్‌బుక్కు వాళ్ల దగ్గరే పెట్టుకునేవారు. దాంతోపాటు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు కూడా. జీతం పడిన రోజు వాళ్ల మనిషి బ్యాంకు మెట్ల మీద నిలబడి ఉంటాడు. డబ్బు అతనే తీసి, తమది తీసుకుని, మిగిలింది మన చేతిలో పెడతాడు. నాన్న పాస్‌బుక్కు ఏళ్ల తరబడి పవర్ హౌస్ బజార్లో ఉన్న ఒక సేఠ్ బీరువాలో ఉంది. నలభై యేళ్లు దాటిన మనిషి తన జీతాన్ని ఇంకొకడి చేతిలోంచి పుచ్చుకోవడం ఎలా ఉంటుందో నేను ఒకసారి దూరం నుంచి చూశాను. మళ్లీ చూడలేదు.

నాన్న ఆ మిగిలింది తెచ్చి నా చేతికిచ్చేవాడు. "ఏటి సేస్తావో నువ్వే సెయ్‌రా, నా వల్ల కాదు," అన్నాడు మొదటిసారి. అలా ఇల్లు నడపడం నా మీద పడింది. నిజం చెప్పాలంటే, నాకు అది నచ్చింది.

నేను బాగానే నడిపాను. కూరలకి అమ్మని పొద్దున్న వెళ్లనివ్వలేదు. సుపేలా బజారులో చీకటి పడి బళ్లు సర్దేసే వేళకి వెళ్తే సగం ధరకి ఇచ్చేవారు. నూకలు కొనిపించాను. ఆఫీసులో మిగిలిన పాత పేపర్లు కట్టలు కట్టి చిత్తుకాగితాల కింద అమ్మాను. నాన్న క్యాంటీన్ కూపన్లు వాడకుండా తోటివాళ్లకి అమ్మేసి, ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్లేవాడు. ఒకసారి అమ్మ పావుకిలో చేపలు తెస్తే రెండు రోజులు నేను మాట్లాడలేదు. చేపల మీద కోపం కాదు. నా లెక్క తప్పినందుకు. అప్పు తగ్గుతూ వచ్చింది. దాంతోపాటు నాలో ఇంకేదో కూడా తగ్గుతూ వచ్చిందని అప్పుడు తెలీలేదు.

ఆ ఏడాది దసరా అయ్యాక సేఠ్ నన్ను పిలిపించాడు. దీపావళి లోపు మిగిలిన బాకీ మొత్తం ఒకేసారి తెచ్చిస్తే ఆర్నెల్ల వడ్డీ వదిలేస్తానన్నాడు. ఆయనకి ఎక్కడో స్థలం కొనాల్సి వచ్చింది, రొక్కం కావాలి. లేకపోతే మామూలుగానే నెలనెలా కట్టుకోవచ్చు. అంటే ఇది ముంచుకొచ్చిన ఆపద కాదు. ఒక బేరం. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను చాలా ఏళ్లు దీన్ని ఆపద అని నాకు నేను చెప్పుకున్నాను.

రొక్కం వచ్చే దారి ఒక్కటే, చిట్టీ.

ఖుర్సీపార్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లు కలిసి వేసుకునే చిట్టీ అది. సింహాచలం అత్త నడిపేది. ఆమె మాకు చుట్టం కాదు, పేటంతా అత్త అనేది. అందరూ నెలనెలా కడతారు, ఆ మొత్తం ఆ నెల ఒకరికి వెళ్తుంది. ఎవరికి అన్నది పాటలో తేలుతుంది: ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే వాళ్లకి. అవసరం ఎక్కువున్నవాళ్లు ఎక్కువ పోగొట్టుకుంటారన్నమాట. కానీ మావాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా లేచి, మా ఇంట్లో జబ్బుంది అని చెబితే, ఆ నెల వాళ్ల మీద ఎవరూ పాడరు. ఏ కోతా లేకుండా మొత్తం వాళ్లకే. రుజువులు అడగరు. జబ్బు విషయంలో ఎవరైనా అబద్ధమాడతారన్న ఊహే ఎవరికీ లేదు. ఇంట్లోవాళ్లకి లేని జబ్బుని నోటితో అంటే అది నిజంగానే వచ్చి కూర్చుంటుందని అందరికీ భయం.

నాకు ఆ భయం లేదు. నేను చదువుకున్నవాణ్ణి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్త ముంగిట్లో చాపలు పరిచారు. ఎక్కువగా ఆడవాళ్లే. మా చిట్టీ అమ్మ పేరు మీద ఉంది, నేను వెనకాల గోడకి ఆనుకుని కూర్చున్నాను. నన్ను చూసి ఒకావిడ, "పేపరాయన వొచ్చీసేడు. మన సంగతి రాసీకు బాబూ, పోలీసులొచ్చీగలరు," అంది. పక్కనున్నావిడ అందుకుని, "రాస్తే రాసేడు గానీ, ముందు పేపర్లో పని చేసీవోడికి జీతమిస్తారో లేదో అడుగు," అంది. నవ్వారు. నేనూ నవ్వాను.

మా వెనక బస్తీలో ఉండే రమణమ్మ తులసి కుండీ పక్కన కూర్చుంది. ఆమె మొగుడు అప్పన్న ప్లాంటులోనే ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలి. పర్మినెంటు కాదు, కాబట్టి ప్లాంటు ఆస్పత్రి వాళ్లకి లేదు. నేను ఆమెని అక్కా అనేవాణ్ణి. ఆమె నా వైపే చూస్తోంది.

అత్త, "సరే, ఎవులికి కావాల ఈ నెల?" అంది.

నేను లేచి నిలబడ్డాను. నాన్నకి గుండెలో ఏదో తేడా ఉందన్నారని, వేలూరు ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారని, దారి ఖర్చులూ అక్కడ ఉండే ఖర్చులూ ముందు మనమే పెట్టుకోవాలని, ప్లాంటు ఇచ్చే బిల్లుల డబ్బు తర్వాత ఎప్పటికో వస్తుందని చెప్పాను. గొంతు సరిగ్గా ఎంత తగ్గాలో అంతే తగ్గింది. అమ్మ తల తిప్పి నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ దాన్ని ఏడుపనుకున్నారు.

ఎవరూ పాడలేదు. అత్త డబ్బు లెక్కపెట్టి అమ్మ ఒళ్లో పెట్టి, "మీ ఆయనకేటీ కాదు, దిగులెట్టుకోకు," అంది.

మర్నాడే నాన్నని బాబాయి దగ్గరికి పంపాను. ఊరెళ్లి ఎంతోకొంత ఇమ్మని అడగమని చెప్పాను. ఎందుకు పంపుతున్నానో నాన్నకి తెలీదు. పేటకి మాత్రం నాన్న వేలూరు వెళ్లాడు. ఆ వారమే సేఠ్ బాకీ తీర్చి పాస్‌బుక్కు తెచ్చాను. అమ్మ దానికి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. ఆ రోజు ఎంత బాగుందో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది సగం అబద్ధమవుతుంది. ఆ రోజు నా జీవితంలో చాలా మంచి రోజుల్లో ఒకటి.

నెల పైన ఊళ్లో ఉండి నాన్న తిరిగొచ్చిన తర్వాత ఒక సాయంత్రం అప్పన్న మా ఇంటికొచ్చాడు. కుడి కంటికి కట్టు. చేతిలో పేపర్లో చుట్టిన బత్తాయిలు. "మావయ్యా, ఒంట్లో ఎలాగుంది? వేలూరోళ్లు ఏటన్నారు?" అని అడిగాడు. నాన్న అప్పన్నని చూశాడు. బత్తాయిల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయనకి ఎంత అర్థమైందో నాకు తెలీదు. "బాగానే ఉందిరా," అన్నాడు. "నీ కంటికేటైంది?"

కంట్లో నిప్పురవ్వ పడింది. ఠేకేదారు చుక్కలమందు ఇచ్చి ఇంట్లో ఉండమన్నాడు. రాయపూర్ డాక్టరు తొందరగా ఆపరేషన్ చేయాలన్నాడు. డబ్బు లేక ఆగారు. తర్వాతి నెల చిట్టీ రమణమ్మకి వచ్చింది, వెళ్లారు, అప్పటికి లోపల చీము పట్టింది. కన్ను తీసేశారు. ఇవన్నీ అప్పన్న ఎవరో పక్కింటాయన గురించి చెప్తున్నట్టు చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

నాన్న నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ. ఆ తర్వాత జీతం డబ్బు మాత్రం అమ్మ చేతికే ఇచ్చాడు.

అమ్మ అడిగింది. వంటింట్లో, నా వైపు చూడకుండా. "రమణమ్మకి ఆ నెలే కావాలని నీకేటైనా తెలుసునేటిరా?" నేను, "మనకెలా తెలుస్తుందమ్మా," అన్నాను. అమ్మ చాలాసేపు గిన్నె తోముతూనే ఉండిపోయింది. తర్వాత చెప్పింది, తను రమణమ్మని అడిగిందట, ఆ రోజు నువ్వు నోరు విప్పి ఒక మాట అనుంటే సరిపోయేది కదా అని. రమణమ్మ, "ప్రాణం ముందు కన్నేటి పిన్నీ," అందట.

ఇంతవరకు చెప్పింది అమ్మకి తెలిసిన కథ. ఒక అబద్ధమాడాం, తెలీక ఒకరికి నష్టం జరిగింది. ఈ కథతో మనిషి బతికేయగలడు. అమ్మ బతికింది, బాధపడుతూనే. ఇక్కడే ఆపేద్దామని ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నేనూ అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్న నేను కిరసనాయిలు లైన్లో ఉన్నాను. వెనకాల రమణమ్మ వచ్చి నిలబడింది.

"ఏటి తమ్ముడూ, పేపరోళ్లకి కూడా లైనేనా?"

"పేపరు చూపిస్తే నూనె పొయ్యరక్కా. డబ్బా చూపించాలి." నవ్వింది. "బావ కనబడ్డం లేదేం, డ్యూటీకెళ్లట్లేదా?" అన్నాను.

"ఏటి డ్యూటీ. కంట్లో రవ్వ పడింది గదా. రాయపూర్‌లో జల్దీ ఆపరేషన్ సెయ్యాలన్నారు, లేకపోతే కన్నుండదన్నారు. సేఠ్‌లు మాకియ్యరు. ఠేకా కూలోడి దగ్గర ఏటుందని పట్టుకుంటారు, పాస్‌బుక్కా ఏటైనా?" డబ్బా ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఈయాల చిట్టీలో అడిగీద్దామనుకున్నాను. జబ్బంటే మనోళ్లు పాడరు గదా. కానీ అందరి ముందరా నాకు నోరు రాదు తమ్ముడూ, గొంతు పట్టీస్తాది. నువ్వు చదువుకున్నోడివి. నా తరఫున నువ్వే లేచి ఓ మాట సెప్పీవా?"

"సరే అక్కా. నేను చెప్తాను," అన్నాను.

అప్పటికి నాకు అబద్ధం ఆలోచన లేదు. పాటలో ఎంతవరకు వదులుకోవచ్చో మనసులో లెక్కలు వేసుకుంటున్నాను, అంతే. జబ్బు మాట ఎత్తితే ఒక్క రూపాయి కూడా వదులుకోనక్కర్లేదన్న సంగతి ఆమె నోటినుంచే నాకు గుర్తొచ్చింది. లైను కదిలేలోపు లెక్క పూర్తయింది. అంత తొందరగా.

అందుకే ఆ మధ్యాహ్నం ఆమె నా వైపే చూస్తోంది. నేను లేచినప్పుడు తన కోసమే లేచాననుకుంది. ఆమె మొహం కొంచెం విప్పారడం నేను చూశాను. నేను మొదటి వాక్యం చెప్పాను. రెండోది చెప్పాను. ఆ మొహం మారడం కూడా చూశాను. అందులో కోపం లేదు. అనుమానం లేదు. జాలి ఉంది. మా నాన్న మీద.

ఆ తర్వాత కూడా ఆమె నన్ను తప్పు పట్టలేదు. పాపం పొద్దున్న లైన్లో తన బాధ తను చెప్పుకుంటుంటే, అంత దిగులు పెట్టుకుని కూడా ఆ కుర్రాడు పైకి చెప్పలేదే అనుకుందట. నన్ను సాయం అడిగిన సంగతీ, ఇదీ అమ్మతో అనలేదు. చాలా ఏళ్ల తర్వాత నాతోనే అంది. నేను విని ఊరుకున్నాను.

ఎందుకు చేశాను? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. అవసరమా? నెలనెలా కట్టుకోవచ్చని సేఠ్ చెప్పనే చెప్పాడు. నాన్న అవమానమా? అది ఇంకో ఏడాదిలో తీరేది. ఆమె వచ్చే నెల పాడుకుంటుందిలే, నెలకి ఏమవుతుందిలే అనుకున్నానా? అనుకున్నాను. కానీ నెలకి ఏమవుతుందో ఆమె పొద్దున్నే చెప్పింది. విషయం ఇంతే: కొన్నేళ్లుగా ప్రతి మనిషినీ ప్రతి వస్తువునీ ఎంత మిగులుతుందన్న ఒక్క చూపుతో చూడ్డం అలవాటై, ఆ రోజు లైన్లో నా వెనక నిలబడ్డ మనిషి కూడా నాకు మిగులుగానే కనిపించింది. ఆర్నెల్ల వడ్డీ. ఒక కంటికి నేను కట్టిన వెల అది.

కొన్నాళ్లకి మా పేపర్లో వారానికోసారి ఇంటి ఖర్చుల గురించి రాయమన్నారు. అప్పుల ఊబిలోంచి తన ఇంటిని బయటపడేసినవాడు కదా అని ఎడిటర్ నన్నే ఎంచుకున్నాడు. రాశాను. పాఠకులు మెచ్చుకున్నారు. ఒక నేత్ర వైద్య శిబిరానికి వార్త కోసం వెళ్లినప్పుడు అక్కడి డాక్టరుని అడిగాను, కంట్లో రవ్వ పడితే నెల ఆలస్యం వల్ల తేడా వస్తుందా అని. కచ్చితంగా చెప్పలేం గానీ, ముందే వస్తే చాలా కళ్లు దక్కుతాయి అన్నాడు. "మీవాళ్లెవరికైనానా?" అని అడిగాడు. వార్త కోసమే అన్నాను. చెప్పలేం అన్న ఆ ముక్కని పట్టుకుని మరి కొన్నేళ్లు గడిపాను.

ఒక కన్ను లేనివాడికి ఠేకేదారు మళ్లీ ప్లాంటులోకి గేట్ పాస్ చేయించలేదు. అప్పన్న సుపేలాలో అరటిపళ్ల బండి పెట్టుకున్నాడు. రోజూ కొనేవాణ్ణి. ఇంట్లో పళ్లు మగ్గి నల్లబడేవి, నా భార్య విసుక్కునేది. అతను ఎప్పుడూ డజనుకి పైన ఒకటి వేసేవాడు. వద్దంటే, "ఒంటి కన్నుతో సూస్తే తక్కువ కనబడతన్నాయి బావమరిదీ, అందుకే ఎక్కువేసీస్తన్నాను," అని నవ్వేవాడు. నోట్లు ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుని చూసుకునేవాడు. అప్పుడు చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చేది. చిల్లర తీసుకుని వచ్చేసేవాణ్ణి. ఇప్పుడతను లేడు. నాన్న లేడు, అమ్మ లేదు. నేను "తెలీదు" అన్న మాటని అమ్మ నమ్మి వెళ్లిందో, నమ్మినట్టుండి వెళ్లిందో, దాన్ని ఇక తెలుసుకోలేను.

రమణమ్మ ఉంది. ఖుర్సీపార్‌లోనే, కొడుకు దగ్గర. కనబడితే తమ్ముడూ అని పిలుస్తుంది, మా పిల్లల సంగతులు అడుగుతుంది. ఆమెకి చదువు రాదు. ఆమె కొడుకూ కూతురూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం ఎరగరు. వాళ్లు చదివేది హిందీ.

నాకు రాయడం వచ్చిందీ హిందీలోనే. బతుకంతా అందులోనే రాశాను. వాక్యం తడుముకోకుండా వస్తుంది. ఈ తెలుగు అమ్మ దగ్గర ఓనమాలుగా నేర్చుకున్నది, ఒక్కో మాటా వెతుక్కుంటూ రాస్తున్నాను. అయినా దీన్ని తెలుగులో రాశాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరూ దీన్ని చదవలేరు. ఒప్పుకునేటప్పుడు కూడా ముందు నా లెక్క నేను చూసుకున్నాను.

గుండె తేలికైంది, కాలేదని అనను. అది కూడా నేను తీసుకోకూడనిదేమో.